డేర్, డీ, దస్... షికమో!

జర్మనీ ఆసుపత్రులకు నర్సులు, తూర్పు ఆఫ్రికా కంపెనీలకు లెక్కలు రాసేవాళ్లు. పాలమూరు పల్లెల నుంచి పోయే దారుల్లో కొత్తగా రెండు భాషలు ఎదురవుతున్నాయి. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి నానిన మక్తల్ నోటికి ఏది దగ్గర, ఏది దూరం?

మాపటేళ. మక్తల్‌లో పడమటి ఆంజనేయస్వామి గుడి వైపు పోయే సందులో ఒక మిద్దె. నర్సింగ్ పూర్తిచేసిన అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని మిద్దె మీద అటూ ఇటూ నడుస్తోంది. “డేర్ లోఫెల్... డీ గాబెల్... దస్ మెస్సర్.” చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లేరుతున్న అవ్వ తలెత్తింది.

“ఏందే బిడ్డా, మంత్రాలు చదువుతున్నవ్?”

“మంత్రాలు గాదవ్వా, జర్మన్. చెంచా మొగోడంట, ముళ్లచెంచా ఆడిదంట, కత్తి రెండూ గాదంట.”

“చెంచాకేమన్న మీసాలున్నయా?”

దార్ ఎస్ సలామ్ నుంచి సెలవు మీద వచ్చిన పెదనాయిన కొడుకు పక్కనే మంచం మీద కూచుని ఉన్నాడు. అక్కడొక ప్లాస్టిక్ సామాను కంపెనీలో లెక్కలు చూస్తాడు. “మా స్వాహిలీల ఆ లొల్లి లేదవ్వా. మొగ, ఆడ అంతా ఒకటే. పెద్దోళ్లు కనబడితే మాత్రం ‘షికమో’ అనాలె. నువ్వు ‘మరహబా’ అనాలె.”

“మరహబా,” అంది అవ్వ. ఒక్కసారికే, అచ్చంగా. మనుమరాలికి మాత్రం ‘ఇష్’ అనే రెండక్షరాల జర్మన్ మాట ఇంకా ‘ఇచ్’ దగ్గరే ఆగి ఉంది.

గాలి ఇప్పుడెందుకు మళ్లింది

2024 అక్టోబరులో అప్పటి జర్మనీ చాన్సలర్ ఒలాఫ్ షోల్జ్ ఢిల్లీ వచ్చినప్పుడు, నైపుణ్యమున్న భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని ప్రకటించారు. అంతకు ముందే, 2024 జూన్‌లో, ఉద్యోగం వెతుక్కోవడానికే ఆ దేశం వెళ్లే వీలు కల్పించే ‘చాన్సెన్‌కార్టె’ మొదలైంది. 2023-24 శీతాకాల సెమిస్టర్ నాటికి జర్మనీలో చదువుతున్న మన విద్యార్థులు 49 వేలు దాటారు. ఆ దేశంలోని విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే పెద్ద గుంపు. అక్కడ ముసలివాళ్లు పెరుగుతున్నారు, వాళ్లను చూసుకునే చేతులు తగ్గుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి పంపే కార్యక్రమాలు నడుపుతోంది. ఆ ప్రకటనలు ఇప్పుడు నర్సింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి.

తూర్పు ఆఫ్రికా దారికి ఇంత ప్రచారం లేదు. చాన్సలర్లు వచ్చి ప్రకటించేదేమీ ఉండదు. ముందు వెళ్లిన బావమరిది తర్వాతివాణ్ని పిలుస్తాడు, వాడు మరొకణ్ని. నైరోబీ, కంపాలా, దార్ ఎస్ సలామ్‌లలో గుజరాతీ వ్యాపారులు తరాలుగా స్థిరపడి ఉన్నారు. వాళ్ల వెనక మందుల కంపెనీలు, బోరు లారీలు, బడి పంతుళ్లు, అకౌంటెంట్లు. 2023 నవంబరులో మద్రాసు ఐఐటీ తన శాఖనే జాంజిబార్‌లో తెరిచింది.

అమెరికా వాళ్ల కొలబద్ద

ఏ భాష ఎంత కష్టమో చెప్పే పట్టిక ఒకటి ప్రపంచమంతా తిరుగుతూ ఉంటుంది. అమెరికా తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ వేసుకున్న లెక్క అది. అందులో జర్మన్, స్వాహిలీ ఒకే వరసలో ఉంటాయి: సుమారు 36 వారాలు. మన తెలుగు వాటికన్నా కష్టమైన వరసలో, 44 వారాల దగ్గర ఉంటుంది.

లెక్క తప్పు కాదు. కాకపోతే అది ఇంగ్లీషు నోటితో బయల్దేరినవాళ్ల లెక్క. మన కోచింగ్ సెంటర్లు దాన్నే గోడకు అంటించి ‘రెండూ సమానమే’ అని చెబుతుంటే నాకు నవ్వొస్తుంది. మక్తల్ నుంచి బయల్దేరేవాళ్లకు దూరాలు వేరు. దక్షిణాన కృష్ణ దాటితే కన్నడ నేల. 1956 వరకు రాయచూరూ పాలమూరూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాలు. ఇక్కడి అంగడిలో బేరం తెలుగులో మొదలై, కన్నడంలో తెగి, చిల్లర దగ్గర ఉర్దూలోకి దిగుతుంది. ఈ గాలిలో పెరిగిన పిల్లకు స్వాహిలీ పదాల సంచిలో కొంత ముందే ఇంట్లో ఉంటుంది. జర్మన్ పదాలు అలా లేవు కానీ, ఆ వ్యాకరణంలో భయపెట్టేవి కొన్ని మనకు పుట్టుకతో వచ్చినవే.

కితాబు, దుకా, పెసా, లకీ

తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. బస్ వస్తే బస్సు చేస్తాం, రోడ్ వస్తే రోడ్డు చేస్తాం. స్వాహిలీకీ అదే అలవాటు. వాళ్ల బస్సు ‘బసి’. అరబ్బుల ‘కితాబ్’ తెలంగాణకు వచ్చి కితాబు అయింది, జాంజిబార్ తీరానికి చేరి అక్కడా ‘కితాబు’ అయింది. అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎలా రాస్తే అలా చదవాలి. ఇంగ్లీషు స్పెల్లింగుల చేత బెత్తం దెబ్బలు తిన్న పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇక మాటలు చూడండి. దుకాణం ‘దుకా’. పైసలు ‘పెసా’. లక్ష ‘లకీ’. బీమా ‘బిమా’. రంగు ‘రంగి’. సబ్బు ‘సబుని’. వకీలు ‘వకిలి’. హిసాబు ‘హెసాబు’. మందు ‘దవా’. కలం ‘కలము’. దునియా ‘దునియా’యే. చాయ్ ‘చాయి’. సర్కారు ‘సెరికాలి’. ఓడరేవు ‘బందరి’, మన మచిలీపట్నం బందరు లాగే. అరేబియా సముద్రం మీద వందల ఏళ్లు ఓడలు నడిపిన అరబ్బు, పారసీక, గుజరాతీ వర్తకులు ఆ ఒడ్డున దింపిన మాటలివి. మనకు అవే మాటలు దక్కనీ ఉర్దూ మీదుగా నేల దారిన వచ్చాయి. ఈ విషయంలో కోస్తా విద్యార్థి కన్నా పాలమూరు విద్యార్థికి నాలుగు మాటలు ఎక్కువే చేతికందుతాయి. తెలంగాణ పలుకులో ఉర్దూ ఎక్కువని వెక్కిరించినవాళ్లకు ఈ మాట వినిపించాలి.

అలాగని పోలిక కనబడ్డ ప్రతిచోటా చుట్టరికం కలపకూడదు. వాళ్ల ‘సింబా’ మన సింహమే అని చాలామంది అనుకుంటారు. అది బంటూ భాషల సొంత మాట, పోలిక కాకతాళీయం.

పదాలు ఇంత తేలిగ్గా చేతికొస్తాయి కదా అని చంకలు గుద్దుకుంటే ముందు గట్టు ఉంది. స్వాహిలీలో ఆడా మగా తేడా లేదు నిజమే, దాని బదులు ప్రతి నామవాచకానికీ ఒక కులం ఉంటుంది: మనుషులది ఒకటి, చెట్లది ఒకటి, వస్తువులది ఒకటి, పండ్లది ఒకటి. ఏకవచనం, బహువచనం విడివిడిగా లెక్కిస్తే పదిహేనుకు పైబడతాయి. మనిషి ‘మ్‌తు’, మనుషులు ‘వతు’. మార్పంతా మాట ముందు జరుగుతుంది. ఆ గుర్తు విశేషణానికీ, సంఖ్యకూ, క్రియకూ తగిలించాలి. ‘ఒక చిన్న పుస్తకం పడింది’ అంటే ‘కితాబు కిమోజ కిడోగొ కిమెఅంగుక’. రెండు పుస్తకాలైతే ‘వితాబు వివిలి విడోగొ విమెఅంగుక’. అరబ్బీ నుంచి వచ్చిన కితాబులోని మొదటి ‘కి’ని తమ వస్తువుల గుర్తే అనుకుని బహువచనంలో ‘వి’ చేసేశారు చూడండి, అరువు మాటను ఇంతగా సొంతం చేసుకున్న భాష మీద నాకు గౌరవం కలిగింది.

క్రియ దగ్గరకు వచ్చేసరికి మళ్లీ మనిల్లే. చదువు ‘సోమ’, చదివించు ‘సోమెష’. తినడం ‘ల’, తినిపించడం ‘లిష’. రాయడం ‘అండిక’, ఇంకొకరికి రాసిపెట్టడం ‘అండికియ’. ఇంగ్లీషువాడు ఒక్కోదానికి మూడేసి మాటలు పేర్చాల్సిన చోట మనమూ వాళ్లూ ఒక్క మాటతో సరిపెడతాం. తేడా ఒక్కటే: ‘నేను’, ‘నిన్ను’, కాలం అన్నీ మనకు క్రియ వెనకో విడిగానో ఉంటాయి, వాళ్లకు ముందే గుచ్చుకుంటాయి. ‘ని-న-కు-పెండ’, నేను నిన్ను ప్రేమిస్తున్నాను.

> గడియారం మోసం
>
> దార్ ఎస్ సలామ్‌లో ఎవరైనా ‘సా ంబిలి’కి, అంటే రెండు గంటలకు రమ్మంటే మధ్యాహ్నం భోంచేసి బయల్దేరకండి. వాళ్లు చెప్పింది ఉదయం ఎనిమిది. స్వాహిలీ గంటల లెక్క పొద్దు పొడుపు నుంచి మొదలవుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడవునా సూర్యుడు దాదాపు ఆరింటికే లేస్తాడు కాబట్టి ఏడు గంటలే మొదటి గంట, పన్నెండే ఆరో గంట. పంచాంగంలో సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టే మన తాతలకు ఇది వింత కాదు.
>
> జర్మన్ గడియారం మోసం వేరు. ‘హాల్ప్ అఖ్ట్’లో అఖ్ట్ అంటే ఎనిమిది, హాల్ప్ అంటే సగం. అయినా అది ఎనిమిదిన్నర కాదు, ఏడున్నర. మందుల వేళ చూసుకునే నర్సుకు ఈ ఒక్క గంట చాలా పెద్దది.

అమ్మాయి ‘వచ్చింది’

జర్మన్ అనగానే మొదట ఏడిపించేది లింగాలే. డేర్ పుంలింగం, డీ స్త్రీలింగం, దస్ నపుంసకం. చెంచా, ముళ్లచెంచా, కత్తి మూడూ మూడు గూళ్లలో పడటానికి కారణం అడిగితే జర్మన్‌వాళ్లూ భుజాలెగరేస్తారు. ‘మేడ్షెన్’ అంటే అమ్మాయి, అది నపుంసకలింగం. దీనికి ఇంగ్లీషు రచయితలు నోళ్లు వెళ్లబెట్టి పేజీలు రాశారు. మనం మాత్రం తొందరపడి నవ్వకూడదు. ‘అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది’ అనే భాష మనది. అమ్మాయినీ బస్సునూ ఒకే క్రియకు కట్టినవాళ్లం.

విభక్తులదీ అదే కథ. డేర్ కాస్తా డెన్, డెమ్, డెస్ అవుతుంటే ఇంగ్లీషు మీడియం పిల్లలు బెదిరిపోతారు. ‘రాముడు, రాముని, రాముని కొరకు, రాముని యొక్క’ అని బళ్లో వల్లెవేసినవాళ్లకు ఇవి ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి. అంతే. జర్మన్‌లో నాలుగే, మనకు ఎనిమిది. నేర్పేవాళ్లు ఇంగ్లీషు గుండా కాకుండా తెలుగు వ్యాకరణం గుండా తీసుకెళ్తే సగం భయం పోతుంది. ఆ పని చేసేవాళ్లు అరుదు.

వాక్యం చివర క్రియ రావడం కూడా మనకు కొత్తేమీ కాదు. ‘అతనికి జబ్బుగా ఉందని తెలుసు’ అనాలంటే ‘ఇష్ వైస్, దస్ ఏర్ క్రాంక్ ఇస్ట్’. ఆ ‘ఇస్ట్’, అంటే ‘ఉంది’, చివరనే ఉంటుంది. కొన్ని క్రియలు మాత్రం తల తెంపుకుంటాయి. ఫోన్ చేయడం ‘అన్‌రూఫెన్’. వాక్యంలోకి రాగానే ‘రూఫె’ ముందు నిలబడి, ‘అన్’ ఎక్కడో చివర తేలుతుంది. ఎదుటివాళ్లు మాట పూర్తిచేసే దాకా ఏం చేస్తామన్నారో తెలియదు. పొడుగు మాటలకైతే జడవక్కర్లేదు. ‘క్రాంకెన్‌హౌస్’ రోగుల ఇల్లు, ఆసుపత్రి. దవాఖాన అంటే మందుల ఇల్లు అని ఎరిగిన నోటికి ఇది విడదీయడం ఎంతసేపు? ఇంగ్లీషు పోలికను నమ్ముకుంటేనే ప్రమాదం. జర్మన్‌లో ‘గిఫ్ట్’ అంటే బహుమతి కాదు, విషం.

ఉచ్చారణలో ఒక వరం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. చలి, చాప అనేటప్పుడు మనం పలికే దంత్య ‘ౘ’ ఉంది కదా, జర్మన్ ‘ౘైట్’ (కాలం), ‘ౘ్వై’ (రెండు) మాటల్లోని మొదటి ధ్వని సరిగ్గా అదే. ఉత్తరాది విద్యార్థులు దానికోసం తంటాలు పడతారు. కష్టపెట్టేవి వేరే ఉన్నాయి: పెదవులు ఉ అంటూ నాలుక ఇ అనే అచ్చు, ఒ అంటూ ఎ అనే అచ్చు, గొంతుకూ అంగిలికీ మధ్య గీసుకునే ఆ ‘ఖ్’, ‘ష్’లు. స్వాహిలీలోనూ ఒక చిక్కు ఉంది, మాట మొదట్లోనే ముక్కుతో పలికే ‘ంబుజి’ (మేక), ‘ఙొంబె’ (ఆవు). అయినా ఙ-కారాన్ని అక్షరమాలలో దాచుకున్న వాళ్లం, బయటికి తీసి వాడుకోవచ్చు.

బి2 గట్టు

భాష సంగతి ఇలా ఉంటే, దానికి వేసిన మెట్లు మరోలా ఉన్నాయి. జర్మన్‌కు ఎ1 నుంచి సి2 వరకు ఆరు మెట్లు. నర్సుగా పూర్తి గుర్తింపుకు మామూలుగా బి2 కావాలి. అక్కడికి చేరాలంటే 45 నిమిషాల పాఠాలు 600 నుంచి 800 దాకా అవసరమని జర్మన్ నేర్పే గోథె సంస్థ అంచనా. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగు విభాగాలు, ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి. భర్త దగ్గరకు వెళ్లే భార్యకూ సాధారణంగా ఎ1 ధ్రువపత్రం అడుగుతారు. చదువుకోవడానికి వెళ్లేవాళ్లయితే ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపాలి. హైదరాబాద్‌లో గోథె జెంట్రుమ్ ఉంది, ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో జర్మన్ శాఖ ఉంది, వీధికొక కోచింగ్ ఉంది. మక్తల్ అమ్మాయికి హాస్టల్, ఫీజు, పరీక్ష రుసుము కలిపితే అది ఇంటి మీద అప్పు. పాస్ కాకపోతే ఆ మాట ఊళ్లో దాచడం కష్టం. ‘బి2 అక్కర్లేదు, నేను చూసుకుంటా’ అనే ఏజెంటు సరిగ్గా ఈ సందులోంచే ఇంట్లోకి వస్తాడు.

పాసైనా పోరు ముగియదు. పుస్తకంలో నేర్చింది ఒకటి, బవేరియా పల్లెలో పళ్లు ఊడిన పెద్దాయన మంచంలోంచి అడిగేది ఒకటి. మాండలికం అంటే ఏమిటో పాలమూరువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాఠ్యపుస్తకం తెలుగుకూ ఇంటి తెలుగుకూ మధ్య నడిచి నడిచి అలవాటైన కాళ్లే.

స్వాహిలీకి ఏ గట్టూ లేదు. ఉద్యోగానికి ధ్రువపత్రం అడిగేవాళ్లు దాదాపు ఉండరు. అందువల్లే నేర్పే బడీ దగ్గరలో లేదు. నేర్చుకుందామంటే ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆఫ్రికా అధ్యయన శాఖ దాకా పోవాలి, లేకపోతే ఫోన్‌లో యాప్. నోటికి దగ్గరి భాషకు పలక లేదు, దూరపు భాషకు నిచ్చెన మీద నిచ్చెన. ఇంగ్లీషుతో నెట్టుకొచ్చేద్దామని వెళ్లినవాళ్లు నైరోబీలో కొంత నెట్టుకొస్తారు. టాంజానియాలో ఆ పప్పు ఉడకదు. అక్కడ ప్రాథమిక బడి నుంచి పార్లమెంటు దాకా స్వాహిలీయే.

> వనపర్తి నుంచి ఏసీ గార్డ్స్ దాకా
>
> పాలమూరుకు ఆఫ్రికా పరిచయం ఇప్పటిది కాదు. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుల దగ్గర ఆఫ్రికన్ అంగరక్షక దళం ఉండేది. తర్వాత అది నిజాం కొలువులో చేరింది. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేరులో ఆ ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’ ఇంకా ఉంది. పాతవాళ్లు ఆ చోటును సిద్ది రిసాలా అంటారు. పెళ్లి ఊరేగింపుల్లో వినే మర్ఫా మోతను నగరానికి అలవాటు చేసిందీ ఆ ఆఫ్రికన్ సంతతి సిద్దీలూ అరబ్బులే.

రెండు భాషలకూ జర్మన్ల వ్యాకరణం

ఈ కథలో ఒక విచిత్రమైన కలయిక ఉంది. హాలే నగరం నుంచి మద్రాసు వచ్చిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1728లో తెలుగుకు వ్యాకరణం రాశాడు. తిరిగి వెళ్లాక 1740లలో హాలేలోనే తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చులో తెలుగు అక్షరం తొలి అడుగులు వేసింది జర్మనీ నేల మీద. శతాబ్దం గడిచాక మరో జర్మన్ మిషనరీ యోహాన్ లూడ్విగ్ క్రాఫ్ తూర్పు ఆఫ్రికా తీరంలో కూర్చుని స్వాహిలీకి వ్యాకరణం రాశాడు. అది 1850లో అచ్చయింది.

వ్యాకరణం వెనక తుపాకులూ వచ్చాయి. 1885 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా నేటి టాంజానియా ప్రధాన భూభాగం జర్మన్ ఈస్ట్ ఆఫ్రికాలో భాగం. బలవంతంగా పత్తి వేయించినందుకు 1905లో జనం తిరగబడ్డారు. మంత్రించిన నీళ్లు తూటాలను కరిగిస్తాయని నమ్మి పోరాడారు. నీళ్లను స్వాహిలీలో ‘మాజి’ అంటారు, ఆ తిరుగుబాటు పేరు మాజిమాజి. పంటలను తగలబెట్టి జర్మన్లు దాన్ని అణిచారు, కరువులో లెక్కలేనంతమంది చచ్చిపోయారు. 2023 నవంబరులో జర్మనీ అధ్యక్షుడు ష్టైన్‌మయర్ సోంగెయా వెళ్లి క్షమాపణ చెప్పారు. ఇంతా చేసి ఆ పాలన స్వాహిలీలో మిగిల్చిన మాటల్లో ముఖ్యమైనది ‘షూలె’, బడి. అప్పటి వాళ్ల నాణెం పేరు ‘రూపీ’, మన రూపాయి నమూనాలో కొట్టించినదే.

అవ్వ ఒక్కసారికే పలికిన జవాబుకు ముందుండే పలకరింపు ‘షికమో’కు మూలం ‘నీ కాళ్లు పట్టుకుంటున్నా’ అని చెబుతారు. ‘నీ బాంచెన్ కాల్మొక్త’ అనే మాటను దొరల గడీల ముందే వదిలించుకోవడానికి తెలంగాణ ఎంత రక్తం ధారపోసిందో తెలిసినవాళ్లకు ఇది కొంచెం గుచ్చుకుంటుంది. అక్కడ మాత్రం అది ముసలివాళ్ల మీద ప్రేమగానే నిలిచింది, బడి పిల్లలు టీచరుకు రోజూ చెబుతారు. 1954 జులై 7న టాంజానియా నాయకుడు జూలియస్ న్యెరేరే పార్టీ స్వాహిలీని స్వాతంత్ర్య పోరాటపు ఆయుధంగా ఎంచుకుంది. ఆ తేదీనే యునెస్కో ఇప్పుడు ప్రపంచ స్వాహిలీ దినోత్సవంగా జరుపుతోంది.

గుంపు మేస్త్రీ పాఠశాల

పలక లేకుండా భాష నేర్వడం పాలమూరుకు ఎవరో నేర్పాలా? కరువు తరిమిన కాలంలో గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కిస్తే, పాలమూరు లేబర్ దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టింది, కాల్వలు తవ్వింది. బొంబాయి, పుణె మేడల కింద గుడిసెల్లో సంసారాలు నడిచాయి. బడి ముఖం చూడని మనుషులు మరాఠీ నేర్చారు, హిందీ నేర్చారు. మొదట అంకెలు, తర్వాత కూలి రేటు, ఆ తర్వాత తిట్లు, చివరికి మంచి మాటలు. వ్యాకరణం ఎవరూ అడగలేదు. తప్పు మాట్లాడితే నవ్వేవాళ్లే తప్ప మార్కులు కోసేవాళ్లు లేరు.

స్వాహిలీ ఇప్పటికీ ఆ పద్ధతికి లొంగుతుంది. దుకాణంలో, ఫ్యాక్టరీ షెడ్డులో, ఇంట్లో పనికి సాయం చేసే ‘దాదా’తో (అక్కడ దాదా అంటే అక్క) మాట్లాడుతూ ఆరునెలల్లో బేరమాడే స్థాయికి వస్తారు. జర్మన్ లొంగదు. అది నేల మీద దిగకముందే పరీక్ష పెడుతుంది. అందుకే నన్నడిగితే, జర్మనీ ఆలోచన ఉన్న నర్సింగ్ విద్యార్థి కోర్సు అయ్యాక కాదు, రెండో ఏడాదిలోనే ఎ1 మొదలుపెట్టాలి. ప్రతి నామవాచకాన్నీ దాని డేర్, డీ, దస్‌తో కలిపే నేర్వాలి, విడిగా నేర్చినది తర్వాత అతకదు. టాంజానియా పోయేవాళ్లు విమానం ఎక్కే ముందటి నెలలో పదాల జాబితాలు బట్టీ పట్టడం మానేసి, ఆ నెల రోజులూ నామవాచకాల కులాల మీద పెట్టాలి. పదాలు ఎలాగూ అంగట్లో దొరుకుతాయి.

మూడో దారి ఒకటి ఉంది, దాని మీద ఎవరి కన్నూ పడలేదు. తూర్పు ఆఫ్రికా నుంచి గుండె ఆపరేషన్లకూ, క్యాన్సర్ వైద్యానికీ హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రులకు రోగులు వస్తున్నారు. చాలాసార్లు వాళ్లకు దుబాసీ ఎవరంటే వెంట వచ్చిన చుట్టం, వాళ్ల వచ్చీరాని ఇంగ్లీషు. ‘ఎక్కడ నొప్పి’, ‘నిన్న రాత్రి నిద్రపట్టిందా’ అని స్వాహిలీలో అడగగల నర్సు ఆ వార్డులో ఉంటే ఆమెకు వీసా అక్కర్లేదు, బి2 అక్కర్లేదు, బ్లాక్డ్ అకౌంటూ అక్కర్లేదు. మక్తల్‌లో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం డ్యూటీకి అందుకుంటుంది.